కుడి చెవి

ముక్కులోకి పుల్ల దూర్చి గుండ్రంగా తిప్పిన అమ్మాయి, కూర్చోండి, రిజల్ట్ రాగానే పిలుస్తాను అంది. కూర్చున్నాను. ఒక కుర్చీ వదిలి ఒక కుర్చీ మీద ఎర్ర టేపు అంటించారు, ఎవరూ లేని కారిడార్‌లో ఎవరికి ఎవరు దూరంగా ఉండాలో మరి. ముక్కు లోపల ఇంకా మండుతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడుస్తున్నాననుకుని ఆ అమ్మాయి టిష్యూ ఇచ్చింది. ఏడుపు కాదమ్మా, నీ పుల్ల అని చెబుదామనుకున్నాను, జర్మన్‌లో పుల్లని ఏమంటారో గుర్తు రాలేదు. ఒక గీత వస్తే లోపలికి వెళ్ళాలి. రెండు గీతలు వస్తే ఇంటికి పోవచ్చు, క్వారంటైన్ అని గదిలో తలుపేసుకుని పడుకోవచ్చు, తప్పు నాది కాకుండా పోతుంది. రెండు గీతలు రావాలని కోరుకునే మనిషి ఈ జనవరిలో ఈ జర్మన్ ఊరు డెగ్గెన్‌డార్ఫ్ మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఛీ, ఏం కోరికే ఇది, లోపల మీనాక్షిగారు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే! ఎదురుగా గోడ మీద సిలువ ఉంది. ఈ బవేరియా రాష్ట్రంలో ఆస్పత్రి గోడ మీద కూడా సిలువ ఉంటుంది. ప్రభువా, నా వైపు అట్లా చూడకు, నేనింకా ఏమీ చెయ్యలేదు.

మీనాక్షి అంటే మా ఇంటి ఓనరు. డెబ్బై దాటిన జర్మన్ మనిషి, నీలం కళ్ళు, మోకాళ్ళ దాకా ఊలు మేజోళ్ళు, మెడలో తులసి పూసలు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఉర్జులా, ఆ పేరుతో పోస్టతను పిలిచినా మొహం ముడుచుకుంటుంది. ఇరవై రెండేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి ఒక పాత వ్యానుకి పువ్వులూ సూర్యుళ్ళూ రంగులు వేసుకుని టర్కీ, ఇరాన్, కాబూల్ మీదుగా ఇండియా పోయింది, గోవాలో ఒక చలికాలమంతా గంజాయి పీల్చింది, అది విసుగెత్తి, ఎవరో చెబితే మన కృష్ణ ఒడ్డున ఒక స్వామి దగ్గర తేలింది. ఆ స్వామికి ఉబ్బసం, ఇంగ్లీషు రాదు. ఈ జుట్టు పెంచిన దొరబాబుల్నీ దొరసానుల్నీ ఎగాదిగా చూసి, మీ దేశంలో దేవుడు లేడా అని అడిగాడట, అడిగి చేతికి చీపురు ఇచ్చాడట. మిగతావాళ్ళు వారం తిరక్కుండా పారిపోయారు, ఈవిడ నాలుగేళ్ళు ఊడ్చింది. వాళ్ళకి వెలుగు కావాల్సొచ్చింది, నాకు చీపురు సరిపోయింది అని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. మీనాక్షి అని ఆయన పెట్టిన పేరే. మా కాలేజీ నోటీసు బోర్డు మీద వంకర టింకర తెలుగు అక్షరాల్లో 'గది ఉంది' అని కాగితం కనపడితే నేనూ, నాతో చదివే గీతికా పడీ పడీ నవ్వాం, పోయి చూస్తే గుమ్మంలో రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. రా అమ్మా అంది. నా పేరడిగి, ప్రవీణ, ఆహా ఎంత చక్కటి సంస్కృతం అని మురిసిపోయి, నా నుదుటి మీద బొట్టు పెట్టేసింది.

తుడుచుకోలేదు నేను. ఈ ఊళ్ళో గది దొరకడమంటే మాటలా. హిందువునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. ఇండియా నుంచి వచ్చిన పిల్ల అంటే పుట్టుకతోనే మంత్రాలు వచ్చి ఉంటాయనుకునే రకం ఈ పాత హిప్పీలంతా. ఇండియాలో చర్చి ఉంటుందనీ, అందులోనూ లూథరు పేరు పెట్టుకున్న చర్చి రేపల్లె పక్కన పల్లెటూళ్ళో ఉంటుందనీ, దాని స్త్రీల సమాజానికి మా అమ్మ ప్రెసిడెంటనీ వీళ్ళకి ఎవరు చెప్పాలి. లూథరు పుట్టిన దేశానికి పోతోంది నా కూతురు అని అమ్మ ఊరంతా చెప్పుకుంది. తీరా వచ్చి చూస్తే ఈ ఊరు ఊరంతా క్యాథలిక్కులు, మా చర్చికి ఆదివారం వచ్చేది పట్టుమని పాతికమంది ముసలివాళ్ళు, కరోనా వచ్చాక వాళ్ళూ రావడం లేదు, వచ్చినా పాట పాడకూడదట, మాస్కులో పెదవులు కదుపుకుని రావడమే. ఎక్కడి దేవుణ్ణో మా వాళ్ళు తెచ్చుకుని సొంతం చేసుకున్నారు, మా పక్క ఊరి దేవుణ్ణి ఈవిడ ఇక్కడికి తెచ్చుకుని వంటింటి అలమారలో దీపం పెట్టింది. ఎవరింటికి ఎవరు చుట్టాలో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

అంబులెన్సు వచ్చిన రోజు మెట్ల మీద కూర్చుని ఉంది, పెదవులు నీలంగా అయ్యాయి, బూట్లు తొడుక్కోవడానికి వంగలేకపోతోంది. నేను కింద కూర్చుని తొడుగుతుంటే జర్మన్‌లో చెప్పింది, ఒక్కో మాటకీ ఆగి. గొంతులోకి ట్యూబు వెయ్యొద్దని చెప్పేశాను ప్రవీణా. ఆఖరుకి వస్తే నువ్వు రావాలి. కుడి చెవిలో రామ అని చెప్పాలి. ఫోన్లో వద్దు, మనిషి నోటితో. మీకేం కాదు, వారంలో ఇంటికొచ్చేస్తారు అన్నాను, లేసులు ముడేస్తూ, తలెత్తకుండా. సరేనని అనలేదు, కాదనీ అనలేదు, నాకు బాగా అలవాటైన పద్ధతి అది. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, చాలు అంది, తెలుగులో. ఏమిటి చాలు? నేను ఒప్పుకున్నాననుకుందా? లేసు ముడి రెండుసార్లు ఊడిపోయింది నా చేతుల్లో.

ఇవాళ పొద్దున్నే కొడుకు ఫోన్ చేశాడు. అతనికి ఆనంద్ అని పేరు పెట్టుకుంది ఈవిడ, పద్దెనిమిదేళ్ళు నిండగానే పోయి ఆంద్రేయాస్ అని మార్చుకున్నాడు, హనోవర్‌లో ఉంటాడు, అతనికీ పాజిటివ్, ఇంట్లోంచి కదలకూడదు. డాక్టరు ఇవాళో రేపో అన్నాడట. చివరి చూపుకి ఒక్కరినే పంపుతారట, అమ్మ నీ పేరు చెప్పింది, వెళ్తావా అన్నాడు. వెళ్తానన్నాను. ఆమె అడిగిన మాట చెప్పు, నేను రాగలిగినా చెప్పేవాణ్ణి కాదు, ఆ మాట వింటే నాకు ఇప్పటికీ చలేస్తుంది అన్నాడు. చిన్నప్పుడు, వాళ్ళమ్మ ఇండియా నుంచి తిరిగొచ్చి స్నేహితులతో కలిసి ఉన్న కమ్యూన్‌లో తెల్లారకముందే పిల్లలందర్నీ లేపి నెత్తిన చన్నీళ్ళు పోసి వరసగా కూర్చోబెట్టి రామ రామ అనిపించేవాళ్ళట, స్కూల్లో సాసేజీ తినని పిల్లాడని అందరూ ఏడిపించేవాళ్ళట. ఇదంతా నాకెందుకు చెబుతున్నాడో అతనికే తెలియదు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. నలభై దాటిన మొగాడు ఫోన్లో ఏడుస్తుంటే జర్మన్‌లో ఏమని ఓదార్చాలో మా బి-వన్ కోర్సులో నేర్పలేదు.

ఒక్క మాట. రెండక్షరాలు. అంతే కదా, దీనికింత రాద్ధాంతమా? ఇంటర్‌లో రామకృష్ణ అనే కుర్రాణ్ణి పేరు పెట్టి పిలవలేదా? పిలిచాను. రామాపురం అని బస్సు టికెట్ తీసుకోలేదా? తీసుకున్నాను. అది వేరు. పిలిస్తే కుర్రాడు పలికాడు, టికెట్ తీసుకుంటే బస్సు ఊరికి చేర్చింది. ఇక్కడ పిలిచేది ఎవర్ని? పోయే ప్రాణాన్ని ఎవరి చేతిలో పెట్టడానికి? మా ఇంట్లో పాలు పొంగినా అయ్యో రామా అనకూడదు, అయ్యో దేవా అనాలి. మూడో క్లాసులో గిరిజ వాళ్ళింట్లో శ్రీరామనవమి నాడు పానకం తాగి వచ్చాను, బెల్లం, మిరియాలు, యాలక్కాయ, గొంతులో కమ్మగా మంట. అమ్మ నా నోరు వాసన చూసింది. కొట్టలేదు. కొడితే బాగుండేది. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తనూ పక్కన మోకరించి, నా బిడ్డ తెలియక చేసింది ప్రభువా అని ఏడ్చింది. ఆ ఏడుపు నాకు ఈ కుర్చీలో కూర్చున్నా వినపడుతోంది. తెలియక చేసిందని అప్పుడంది. ఇప్పుడు తెలిసి చేస్తే ఏమంటుంది?

అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. ఓనరమ్మ ఆఖరి స్థితిలో ఉంది, చూడ్డానికి వెళ్తున్నాను అని మాత్రం చెప్పాను. చెప్పగానే అమ్మ గొంతు వెలిగిపోయింది. "చూడమ్మా, ప్రభువు నిన్ను అంత దూరం ఎందుకు పంపాడో ఇప్పుడు తెలిసింది నాకు. సిలువ మీద దొంగ కూడా ఆఖరి గడియలోనే గదా మారింది. పాస్టరుగారి కూతురంటివి గదా ఆవిడ, తప్పిపోయిన గొర్రె. ఒక్క పాట పాడు తల్లీ, ఆవిడకి చిన్నప్పటి పాట. అంతే, ఆయనే చూసుకుంటాడు." ఈపాటికి స్త్రీల సమాజం మొత్తానికి ఫోన్లు వెళ్ళిపోయి ఉంటాయి, జూమ్‌లో అందరూ తలల మీద కొంగులేసుకుని నా కోసం ప్రార్థన చేస్తూ ఉంటారు, ఇక్కడ నేనేమో రెండు గీతలు రావాలని కూర్చున్నాను. నా ఖర్మ. ఆ మాట కూడా మా ఇంట్లో అనకూడదు.

పాట పాడమంటుంది అమ్మ. పాడలేనమ్మా, పాడితే ఆవిడ ప్రాణం విలవిల్లాడిపోతుంది, నీకు తెలియదు. కిందటేడు క్రిస్మస్ ముందు వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ పరధ్యానంలో మన చర్చి పాట ఒకటి కూనిరాగం తీశాను, మాటలు లేవు, ఉత్త రాగం. మీనాక్షిగారు కత్తి బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం తనే వచ్చి చెప్పింది. ఆ రాగం వాళ్ళ నాన్న చర్చిలోదేనట, అది నాకెట్లా వచ్చని మాత్రం అడగలేదు. యుద్ధంలో ఆయన ప్రతి ఆదివారం సైన్యం గెలవాలని ప్రార్థన చేయించాడట, వాళ్ళ వీధిలో రెండు యూదుల ఇళ్ళు తెల్లారేసరికి ఖాళీ అయిపోయిన ఆదివారం కూడా అదే పాట పాడించాడట. ఈవిడ పుట్టింది యుద్ధం అయిపోయాకే. పదిహేడేళ్ళప్పుడు ఎవరి నోటో విని భోజనాల బల్ల దగ్గర అడిగింది, నువ్వేం చేశావు నాన్నా అని. సూప్ చల్లారిపోతోంది తాగు అన్నాడట. ఆ సూపే నన్ను వ్యాను ఎక్కించింది ప్రవీణా, స్వామీ కాదు, గంజాయీ కాదు అంది. మరి ఆవిడ చెవిలో ఆ పాట ఎట్లా పాడనమ్మా? నాకు ప్రాణమైన పాట అది. నాన్నకి ఆపరేషనప్పుడు రాత్రంతా అదే పాడుకున్నాం. అదే పాట ఆవిడకి తలుపేసుకున్న వీధి. ఇక్కడ నా దగ్గర ఉన్నది ఆవిడకి పనికిరాదు, ఆవిడకి కావాల్సింది నా దగ్గర లేదు.

గీతిక దగ్గర ఉంది. ఆ మాటే దానితో అన్నాను, నువ్వు వెళ్ళవే నా బదులు అని. ఆస్పత్రిలో ఒక్క పేరే రాసుకున్నారు, మార్చరట. అది నాతో పాటు ఆ ఇంట్లోనే ఉంటుంది, కరీంనగర్ పిల్ల, దేనికీ బెదరదు. "నువ్వే చెప్పరాదే, ఒక్క ముక్కనే గద. ఏమైతది? మీ దేవుడు గంత చిన్న మనసోడా?" అంది. మా దేవుడి మనసు కొలవడానికి నువ్వెవరివే అని గొంతు పెంచాను. తగ్గింది, తగ్గి, సరే నేను వాట్సాప్‌ల పంపుత, చెవి కాడ పెట్టు అని రికార్డు చేసి పంపింది. గొంతు సవరించుకుని రామ రామ రామ అంది, మధ్యలో కుక్కరు విజిల్, అయినా ఆపలేదు. ఆ ఫోన్ ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో నా ఒళ్ళో ఉంది. నొక్కితే చాలు. ఫోన్లో వద్దు, మనిషి నోటితో అని ఆవిడ చెప్పకపోయి ఉంటే నొక్కేసి బయటపడేదాన్ని. ఏం మనిషో, చచ్చిపోతూ కూడా షరతులు.

అసలు ఈ రోగం అంటించుకోవడం ఏమిటి, అంత జాగ్రత్త మనిషి! మాకు కూరగాయలు కూడా సబ్బునీళ్ళలో కడిగించింది. అంతా ఆ వోల్ఫ్‌గాంగ్ వల్ల. తెల్ల పిలక, వెండి కడియాలు, వ్యానులో ఈవిడతో పాటు పోయిన వాళ్ళలో ఒకడు, మాస్కు పెట్టుకుంటే ప్రాణశక్తి లోపలికి రాదని వేసవంతా ఓంకారం జెండా పట్టుకుని ఊరేగింపుల్లో తిరిగాడు, పక్కన నడిచేవాళ్ళ చేతుల్లో నాజీ అభిమానుల జెండాలున్నాయని కూడా చూసుకోకుండా. మీనాక్షిగారు చూసింది. మా నాన్న కూడా పక్కన ఎవరు నడుస్తున్నారో చూడలేదు అని అతన్ని గుమ్మంలోంచే పంపేసింది. అంత తిట్టిన మనిషి, డిసెంబర్లో స్వామి ఆరాధన వచ్చేసరికి ఉండబట్టలేక ఆ గుంపు భజనకే పోయింది. కిటికీలు మూసి, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, మూడు గంటలు గొంతెత్తి పాడారట. ఏడాదికి ఒక్కరోజు, ఆయన్ని వారం రోజులైనా ఎరిగినవాళ్ళు ఇంకెవరూ లేరు ప్రవీణా అంది నేను కోప్పడితే. ఎనిమిదిమందికి అంటుకుంది. వోల్ఫ్‌గాంగ్‌కి జలుబు కూడా చెయ్యలేదు. వాణ్ణి నా చేతికిస్తే ఆ పిలక పట్టుకుని ఈ కారిడార్ అంతా తుడుస్తాను.

"ఫ్రావ్ ప్రవీణా? నెగటివ్." ఒక గీతే. లేచాను. ఒక నర్సు వచ్చి పసుపురంగు గౌను తొడిగింది, వెనక ముడి వేసింది, రెండు జతల గ్లవ్స్, టోపీ, మొహం ముందు ప్లాస్టిక్ అద్దం. ఈ మాస్కులో నా ఊపిరే నాకు వేడిగా తగులుతోంది, ఈ మాస్కులోంచి చెబితే మనిషి నోటితో చెప్పినట్టేనా? ఇదొక సాకా? సాకే. ఇంకో సాకు ఏమైనా ఉందా అని వెతుక్కుంటూనే గుమ్మం దాటాను, వెనక తలుపు దానంతటదే మూసుకుంది.

ఎంత చిన్నదైపోయిందో. మంచం నిండా మిషన్లు, మధ్యలో ఆవిడ. ముక్కూ నోరూ కప్పేసిన ఆక్సిజన్ మాస్కు, దాని పట్టీలు చెంపల మీద లోతుగా దిగిపోయాయి, పూసలు తీసేసి పక్కన స్టీలు గిన్నెలో పెట్టారు, బోసి మెడ. కళ్ళు తెరిచింది. "వచ్చావా" అంది, తెలుగులోనే. ఆ ఒక్క మాటకి నాలో ఏదో తెగిపోయింది, ఇంతసేపూ కూడగట్టుకున్నదంతా పోయి, నోటికొచ్చింది కక్కేశాను. "మీనాక్షిగారూ, నేను హిందువుని కాదు. క్రిస్టియన్‌ని. మా అమ్మా నాన్నా తాతలూ అంతా. మీకు చెప్పలేదు నేను. ఆ మాట నేను చెబితే అబద్ధమవుతుంది." ఆవిడ కళ్ళు మూసుకుంది. అయిపోయింది, చంపేశాను అనుకున్నాను, ఇంకో గంట ఆగలేకపోయావా దరిద్రపుదానా అనుకున్నాను. మాస్కు లోపల పెదవులు సాగాయి. నవ్వుతోంది.

"తెలుసు," అంది. ఊపిరి. "గోడ పలచన."

ఆవిడ గదికీ నా గదికీ మధ్య గోడ. ప్లైవుడ్ గోడ. రెండేళ్ళుగా పొద్దున్నే లేచి మంచం పక్కన మోకరించి నేను మాట్లాడుకునే మాటలన్నీ, మా ఇంట్లో ప్రార్థన మనసులో చెయ్యరు, పైకే చేస్తారు, ఎదురుగా మనిషి ఉన్నట్టు, అడుగుతూ, అలుగుతూ, పోట్లాడుతూ. యేసయ్యా ఈ సెమిస్టరు గట్టెక్కించు, యేసయ్యా నాన్నకి షుగరు తగ్గించు, యేసయ్యా ఈ ముసలావిడ మోకాళ్ళు చూడు పాపం. అన్నీ విందా? నాలుగేళ్ళు కృష్ణ ఒడ్డున ఊడ్చిన మనిషికి ఆ మాత్రం తెలుగు రాదా? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మరి నన్నెందుకు అడిగారు, గీతికని అడగాల్సింది కదా అన్నాను. ఆవిడ మాటలు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"గీతిక మంచి పిల్ల. దీపం వెలిగించి ఫోన్ చూసుకుంటుంది." ఊపిరి. "నేనూ అంతే. స్వామి పోయాక... పూసలు తిప్పుతాను. లోపల ఎవరూ లేరు. చాలా ఏళ్ళుగా." కళ్ళు నా మీదే ఉన్నాయి, భయపడుతున్నాయి, ఆ కళ్ళల్లో భయం నేనెప్పుడూ చూడలేదు. "నువ్వు మాట్లాడతావు. అవతల ఎవరో ఉన్నట్టు. అట్లా చెప్పు నాకు."

కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ఎంత మాట! నా గొంతు కావాలి, నా దేవుడు అక్కర్లేదు. అమ్మ కడుపులో నుంచి నేర్చుకున్న గొంతు అది, మా వాళ్ళు అవమానాలు పడి తెచ్చుకున్న గొంతు, దాన్ని అరువిమ్మంటుంది, ఇంకో పేరు పిలవడానికి. పోనీ ఒక్కసారి యేసయ్యా అంటే? అంటే ఆ బల్ల దగ్గరికి, ఆ సూప్ దగ్గరికి తోసేసినట్టే. ఇన్నేళ్ళు పూసలు తిప్పి లోపల ఎవరూ లేరని ఇప్పుడు నాతో చెప్పిన మనిషి, కొడుకుతో చెప్పలేదు, వోల్ఫ్‌గాంగ్‌తో చెప్పలేదు. ప్రభువా, నువ్వైతే ఏం చేసేవాడివి? జవాబు రాలేదు. ఎప్పుడూ రాదు, వచ్చినట్టు అనిపిస్తుందంతే, ఇప్పుడు అదీ లేదు. నేనున్నది మంచానికి ఎడమవైపు. కుడివైపు మందుల స్టాండు, దాని వెనక గోడ, మనిషి పట్టే జాగా లేదు.

నర్సుని పిలిచాను. మంచం కొంచెం జరపగలరా, నేను కుడివైపుకి వెళ్ళాలి అన్నాను. ఎందుకంది. వీళ్ళ విశ్వాసంలో కుడి చెవిలో చెప్పాలి అన్నాను, వీళ్ళ అనేశాను, ఆ జర్మన్ మనిషిని చూపిస్తూ. నర్సు నన్ను చూసింది, ఆవిడ్ని చూసింది. వంగి చక్రాల బ్రేకులు తీసి, ఒక్కో ట్యూబూ సర్దుకుంటూ మంచాన్ని అటు జరిపింది, నాకు దారి వచ్చింది. మాస్కు పట్టీ చెవి మీదుగా బిగుసుకుని ఉంది, వేలితో కాస్త పైకి జరిపాను. ఊలు టోపీలు పెట్టుకునే చెవి, చల్లగా ఉంటుందేమోననుకున్నాను, గ్లవ్స్‌లోంచి కూడా వేడిగా కాలుతోంది.

మొదటిసారి మాట రాలేదు, గాలి వచ్చింది. రెండోసారి వచ్చింది, స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది, ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి, అది కాదని. కళ్ళు మూసుకున్నాను. మా మంచం పక్క తివాచీ మీద మోకాళ్ళు ఆనించినట్టు అనుకున్నాను, పొద్దున చలి, పక్కగదిలో ఆవిడ దగ్గు. ఎదురుగా ఉన్నవాణ్ణి పిలిచినట్టు, వినిపించుకోకపోతే చెయ్యి పట్టుకుని లాగేటట్టు, రామా, అన్నాను. ఇదుగో ఈవిడ వస్తోంది రామా. నాలుగేళ్ళు ఊడ్చింది. భయపడుతోంది. తలుపు దగ్గరికి రా. ఆవిడ చెప్పమన్నది ఒక్క మాటే, నాకు ఒక్క మాటతో ఆపడం చేతకాలేదు, మా ఇంట్లో అట్లా నేర్పలేదు. రామా, ఈవిడ కొడుకు చలికి వణికాడు, ఆ సంగతి కూడా చూడు. ఎవర్ని పిలుస్తున్నానో నాకు తెలియదు. కానీ అబద్ధం మాత్రం ఆడలేదు. అబద్ధం ఆడేటప్పుడు నా గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, అది కాదు. ఆవిడ చెయ్యి నా గౌను అంచు పట్టుకుంది. కనుబొమల మధ్య ముడి విడిపోయింది, ఊపిరి మునుపటిలాగే ఎగుడుదిగుడుగా ఉంది, కళ్ళు మాత్రం మూతపడ్డాయి, నిద్రపోయేవాళ్ళలాగా.

పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, కాసేపు బయట ఉండండి, కావాలంటే మళ్ళీ రావచ్చు అన్నారు నర్సులు. గౌను, గ్లవ్స్ తీసి డబ్బాలో పడేసి కారిడార్‌లోకి వచ్చాను. ఫోన్ మోగింది, అమ్మ. ఎత్తకపోతే? తర్వాత చెప్పొచ్చు, వారం తర్వాత, ఇంటికి పోయినప్పుడు, అసలు చెప్పకపోనూ వచ్చు. వద్దు. ఈ చెప్పకపోవడాలు ఇంక నా వల్ల కాదు. ఎత్తాను.

"పాట పాడావా తల్లీ? ప్రభువు నామం చెప్పావా?"

"లేదమ్మా. రాముడి పేరు చెప్పాను. ఆవిడ అడిగింది. చెవిలో చెప్పాను."

అటువైపు ఫ్యాను చప్పుడు, వీధిలో ఎవరో పాలు పోయించుకుంటున్న మాటలు. అమ్మ ఏడుస్తుందని కాచుకుని కూర్చున్నాను, ఎర్ర టేపు అంటించిన కుర్చీ మీదే కూర్చున్నానని అప్పుడు చూసుకున్నాను.

"ఏ చెవిలో?" అంది అమ్మ.

"కుడి చెవిలో."

"ఊఁ," అంది. "మా నాయనమ్మకీ కుడి చెవిలోనే చెప్పారే. నా కళ్ళతో చూశాను. చిన్నపిల్లని అప్పటికి. బాప్తిస్మం తీసుకుని ఒక్క ఆదివారం తప్పకుండా ప్రభువు గుడికి పోయిన మనిషి, ఆఖర్న మా నాన్న చెయ్యి పట్టుకుని, రామా అనరా అయ్యా, రామా అనరా అని ఒకటే అడగటం. మా నాన్నేమో ఉపదేశి, ఊరందరికీ వాక్యం చెప్పేవాడు, ఆయనెట్లా అంటాడు? చెయ్యి విడిపించుకుని బయటికెళ్ళి పందిట్లో నిలబడ్డాడు. చూసి చూసి మా అమ్మ పోయి పక్క వీధి దాసరాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన చెవిలో చెప్పాడు, అప్పుడు పోయింది ప్రాణం."

"ఎప్పుడూ చెప్పలేదేమ్మా నాకు?"

"ఏం చెప్పమంటావు? నువ్వు చేసింది తప్పో ఒప్పో ప్రభువుకే తెలుసు, నన్నడగమాకు. మీ తాత మాత్రం చచ్చేదాకా ఆ పందిట్లోనే నిలబడ్డాడమ్మా, లోపలికి రాలేకపోయాడు, నేను ఎరుగుదును." ముక్కు ఎగబీల్చింది. "ఇంకా ఊపిరుందా ఆవిడకి?"

"ఉంది."

"మరి బయటేం చేస్తున్నావు? పో లోపలికి."

నర్సుని ఇంకో గౌను అడిగాను.